అమెరికా నల్లజాతి ప్రొఫెసర్లు, యూనివర్సిటీ ప్రెసిడెంట్లు: ఏ కాలేజీల నుంచి వచ్చారు, ఎలా ఎదిగారు?

మంజీర
అందరికీ నమస్కారం. పొలిటికల్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. అణగారిన వర్గాల నుంచి వచ్చి ప్రొఫెసర్లుగా, ఆ తర్వాత యూనివర్సిటీలు నడిపేవాళ్లుగా ఎదిగినవారి మీద నా పని. ఒక అధ్యాయం అమెరికా నల్లజాతి వారి గురించి రాయాలి. నల్లజాతి మేధావి డుబోయిస్ గురించి చదివాను. 1888లో ఫిస్క్ అనే నల్లజాతి కాలేజీలో డిగ్రీ, 1895లో హార్వర్డ్ పీహెచ్‌డీ. ఆ డిగ్రీ అందుకున్న మొదటి నల్లజాతి మనిషి ఆయనే. అయినా తెల్లవాళ్ల పెద్ద యూనివర్సిటీలు ఆయన్ను ప్రొఫెసర్‌గా తీసుకోలేదు. ఏళ్ల తరబడి నల్లజాతి వారి అట్లాంటా యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పారు. అలాంటి చోట 2023 నాటికి హార్వర్డ్‌కే ఒక నల్లజాతి మహిళ ప్రెసిడెంట్ అయ్యారు. మధ్యలో ఏం జరిగింది? ఎవరి గురించి చదవాలి? పేర్ల జాబితా ఇస్తే సరిపోదండీ, ఒకరి నుంచి ఒకరికి దారి ఎలా దొరికిందో తెలియాలి.

లెక్కల మాస్టారు
అమ్మా మంజీరా, మంచి పని ఎత్తుకున్నావు. నేను స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, విశాఖలో ఉంటాను. నాకు తెలిసిన దారిలోంచి చెబుతాను. డేవిడ్ బ్లాక్‌వెల్ దగ్గర మొదలుపెట్టు. ఆ పేరుకు మన తెలుగువాళ్లతో సంబంధం ఉంది.

స్టాటిస్టిక్స్ చదివిన ప్రతివాడికీ రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం తెలుసు. మన చేతిలో ఉన్న నాసిరకం అంచనాను శాంపిల్‌లోని అసలు సమాచారమంతా దాచుకున్న రాశి సాయంతో సవరిస్తే, కొత్త అంచనా పాతదానికన్నా మెరుగవుతుంది, లేదా కనీసం దానంత బాగుంటుంది, చెడిపోదు. అందులో రావు అంటే మన సి.ఆర్. రావుగారే. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి కలకత్తా వెళ్లి 1945లో ఆ పేపర్ వేశారు. బ్లాక్‌వెల్ విడిగా అదే ఫలితాన్ని 1947లో ప్రచురించారు. ఆ పేపర్ రాసేటప్పటికి ఆయన ఎక్కడున్నారో తెలుసా? వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో. నల్లజాతి వారి కోసం పెట్టిన సంస్థ అది.

ఆయన 22 ఏళ్లకే, 1941లో, ఇల్లినాయ్ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ తీసుకున్నారు. ఆ వెంటనే ఏడాదిపాటు ప్రిన్‌స్టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో ఫెలో. అక్కడ ఫెలోలందరికీ పక్కనున్న యూనివర్సిటీలో గౌరవ స్థానం ఇవ్వడం ఆనవాయితీ. ఈయన విషయంలో యూనివర్సిటీ ప్రెసిడెంట్ అభ్యంతరం పెట్టారు. తర్వాత బర్క్‌లీలో స్టాటిస్టిక్స్ పెద్దాయన నేమన్ ఆయన్ను ఇంటర్వ్యూ చేసి తీసుకోవాలనుకున్నారు, కుదరలేదు. ఫ్యాకల్టీని ఇంటికి భోజనానికి పిలవడం అక్కడ అలవాటు, నల్లమనిషిని ఇంట్లోకి రానివ్వనని డిపార్ట్‌మెంట్ హెడ్ భార్య పట్టుబట్టిందని తర్వాత బయటపడింది. ఉద్యోగాలు వెతుక్కుంటూ ఆయన నల్లజాతి కాలేజీలకే నూటికి పైగా ఉత్తరాలు రాశారు. మిగతా చోట్ల తీసుకోరని ఆయనకు ముందే తెలుసు.

హోవర్డ్‌లో పదేళ్లు చేశారు. క్లాసుల బరువు ఎక్కువ, అయినా పరిశోధన ఆపలేదు. 1947లో డిపార్ట్‌మెంట్ హెడ్ అయ్యారు. 1954లో బర్క్‌లీ పిలిచింది, ఆ పైన ప్రొఫెసర్‌గా నిలిచిపోయారు. 1965లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కు ఎన్నికైన మొదటి నల్లజాతి శాస్త్రవేత్త. 60 మందికి పైగా ఆయన దగ్గర పీహెచ్‌డీలు చేశారు. ఇప్పుడు మన పిల్లలు ఏఐ పనుల్లో వాడే ఎన్విడియా చిప్‌ల వరుసకు బ్లాక్‌వెల్ అని పేరు పెట్టింది ఈయన మీదనే. మా క్లాసుల్లో సిద్ధాంతం చెప్పేవాళ్లం, రావుగారి గురించి గర్వంగా చెప్పుకునేవాళ్లం. రెండో పేరు వెనక ఇంత కథ ఉందని పిల్లలకు చెప్పాల్సిందే.

కృష్ణలంక
మాస్టారూ, నమస్కారం. ఇంకాస్త వెనక్కి వెళ్దాం. ఎడ్వర్డ్ బౌషే. 1876లో యేల్ నుంచి ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ. అమెరికాలో ఏ సబ్జెక్టులోనైనా పీహెచ్‌డీ అందుకున్న మొదటి నల్లజాతి మనిషి ఆయన. ఆ రోజుల్లో దేశం మొత్తం మీద ఫిజిక్స్‌లో పీహెచ్‌డీలు వేళ్ల మీద లెక్కపెట్టేంతే. అంతటివాడికి ఏ యూనివర్సిటీలోనూ చోటు లేదు. ఫిలడెల్ఫియాలో నల్లజాతి పిల్లల స్కూల్లో 26 ఏళ్లు ఫిజిక్స్, కెమిస్ట్రీ చెప్పారు. 1902లో ఆ స్కూలు వాళ్లు నల్లపిల్లలకు పైచదువు పాఠాలెందుకు, చేతిపనులు నేర్పిస్తే చాలు అని దారి మార్చారు. ఆయన ఉద్యోగం పోయింది. యేల్ డిగ్రీతో ఏం చేయాలో చెప్పేవాళ్లు గానీ, ఒక ల్యాబ్ ఇచ్చేవాళ్లు గానీ ఆయనకు దొరకలేదు. 1876 నుంచి లెక్కపెట్టుకుంటే బ్లాక్‌వెల్ బర్క్‌లీ చేరడానికి దాదాపు 80 ఏళ్లు పట్టింది.

మంజీర
ఇద్దరికీ చాలా థాంక్స్. అంటే డిగ్రీ ఉన్నా చాలలేదు, ఉద్యోగం ఇచ్చే సంస్థ కావాలి. ఆ సంస్థలు నల్లజాతి కాలేజీలే అయ్యాయి. ఈ కోణంలో ఇంకెవరైనా ఉన్నారా? ముఖ్యంగా మహిళలు.

హ్యూస్టన్ వదిన
మంజీరా, మేముండే చోటుకి గంట దూరంలో ప్రెయిరీ వ్యూ అనే నల్లజాతి యూనివర్సిటీ ఉంది. రూత్ సిమ్మన్స్ గురించి నేను చెప్తాను, ఇక్కడివాళ్లు ఆమె పేరు చెప్తే ఇప్పటికీ మర్యాదగా మాట్లాడతారు.

టెక్సస్‌లో గ్రేప్‌లాండ్ అనే ఊరు. కౌలు వ్యవసాయం చేసే కుటుంబం. పన్నెండు మంది సంతానంలో చివరమ్మాయి, 1945లో పుట్టింది. తర్వాత హ్యూస్టన్ ఫిఫ్త్ వార్డ్‌కి వచ్చారు. స్కూల్లో టీచర్లు ఆమెను కాలేజీకి పంపాలని పట్టుబట్టారు. న్యూ ఆర్లియన్స్‌లోని డిల్లార్డ్ యూనివర్సిటీకి వెళ్లేటప్పుడు ఆమెకు సరైన బట్టలు లేకపోతే, వాళ్ల అల్మారాల్లోంచి తీసి ఇచ్చారు. డిల్లార్డ్ కూడా నల్లజాతి కాలేజీయే. అక్కడి నుంచి 1967లో డిగ్రీ, 1973లో హార్వర్డ్ పీహెచ్‌డీ, ఫ్రెంచి మొదలైన రొమాన్స్ భాషల్లో.

1995లో స్మిత్ కాలేజీకి ప్రెసిడెంట్ అయ్యారు. మహిళా కాలేజీల్లో అమెరికాలో మొట్టమొదటి ఇంజినీరింగ్ కోర్సు పెట్టింది ఆమె హయాంలోనే. 2001లో బ్రౌన్ యూనివర్సిటీకి ప్రెసిడెంట్. ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది పాత పెద్ద యూనివర్సిటీల గుంపు) యూనివర్సిటీకి నల్లజాతి మనిషి ప్రెసిడెంట్ కావడం అదే మొదటిసారి. అక్కడ ఆమె చేసిన పెద్ద పని ఒకటుంది. బ్రౌన్ కట్టినప్పటి డబ్బులో బానిసల వ్యాపారం వాటా ఎంత ఉందో తేల్చమని 2003లో కమిటీ వేశారు. 2006లో రిపోర్టు వచ్చింది. తర్వాత మిగతా యూనివర్సిటీలు కూడా వాళ్ల చరిత్ర తవ్వుకున్నాయి. బయటివాళ్లు అడిగితే కాదు, ప్రెసిడెంట్ కుర్చీలో కూర్చున్న మనిషే అడిగింది, అందుకే కాదనలేకపోయారు.

రిటైరయ్యాక, 70 దాటాక, ప్రెయిరీ వ్యూ వాళ్లు రమ్మంటే 2017లో వచ్చారు. 2020లో పెద్ద దాత మెకెంజీ స్కాట్ ఆ కాలేజీకి 5 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఆ కాలేజీకి అంత విరాళం అంతకుముందెప్పుడూ రాలేదు. 2023లో ఇంకా కొన్ని నెలలు ఉండగానే దిగిపోయారు. నియామకాల మీద తన అధికారం తగ్గించి, పేరుకు మాత్రం ప్రెసిడెంట్‌గా ఉండమంటే ఉండనని బహిరంగంగానే చెప్పారు. ఆ మాట నాకు చాలా నచ్చింది. ఐవీ లీగ్ దాకా వెళ్లిన మనిషి తనవాళ్ల కాలేజీకి తిరిగొచ్చి పనిచేయడం నాకు పెద్ద విషయంగా అనిపిస్తుంది.

సూటిమాట
అందరూ గొప్పవాళ్లే, ఒప్పుకుంటాను. కానీ ఒక మాట అడగాలి. ఇవన్నీ ఒక్కో మనిషి పట్టుదల కథలు. ఈ రోజుల్లో ఎవరూ ఎవరినీ ఆపడం లేదు కదా. ప్రొఫెసర్లలో నల్లజాతి వారు తక్కువగా ఉంటే, పీహెచ్‌డీలు చేసేవాళ్లే తక్కువ కాబట్టి అలా ఉంటుంది. ప్రతిదానికీ వివక్ష అనడం న్యాయమేనా? పేదరికంలోంచి వచ్చిన తెల్లవాళ్లు కూడా లేరా?

పటాప్స్కో
సూటిమాట గారూ, పీహెచ్‌డీల్లోనే వాటా తక్కువన్నది నిజం. ఆ ముక్క మీరు సరిగ్గానే చెప్పారు. కానీ కథ అక్కడ ఆగదు. అమెరికా జనాభాలో నల్లజాతి వారు సుమారు 13 శాతం. ఫుల్ టైమ్ ఫ్యాకల్టీలో 7 శాతం దగ్గర ఉంటారు. అదే ఫుల్ ప్రొఫెసర్ల దగ్గరికొస్తే 4 శాతం. పైకి వెళ్లేకొద్దీ వాటా పడిపోతోంది కదా, ఇది చేరడం దగ్గర వచ్చిన సమస్య ఒక్కటే కాదు.

నేను బయోలో పీహెచ్‌డీ చేస్తున్నాను కాబట్టి గ్రాంట్ల సంగతి చెప్తాను. 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ఉంది. ఎన్ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ) గ్రాంట్లకు దరఖాస్తు చేసిన వాళ్లలో చదువు, అనుభవం, పబ్లికేషన్లు లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా నల్లజాతి శాస్త్రవేత్తలకు గ్రాంట్ దొరికే అవకాశం తెల్లవాళ్లకన్నా 10 శాతం పాయింట్లు తక్కువ ఉంది. ఎంచుకున్న అంశం వల్ల కొంత తేడా వస్తోందని 2019లో ఇంకో పరిశోధన చూపించింది. సమాజం ఆరోగ్యం మీద పనిచేసేవాళ్ల ప్రాజెక్టులకు మార్కులు తక్కువ పడుతున్నాయి. గ్రాంట్ లేకపోతే ల్యాబ్ లేదు, ల్యాబ్ లేకపోతే టెన్యూర్, అంటే శాశ్వత ఉద్యోగం, లేదు. ఆరేడేళ్లలో టెన్యూర్ రాకపోతే బయటికి పొమ్మంటారు. గ్రాంట్ల దగ్గర పడిన దెబ్బే పైస్థాయి లెక్కల్లో కనిపిస్తుంది.

ఎర్రమట్టి
సూటిమాట అన్నా, నా మాట కూడా విను. నేను డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ని, మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటివాణ్ణి. మా దగ్గర కూడా పీహెచ్‌డీలు తక్కువ ఉన్నాయి కాబట్టి పోస్టులు నింపలేదనే మాట వింటూనే పెరిగాను. ఇంటర్వ్యూకు మనిషి వస్తాడు, నెట్ ఉంటుంది, పబ్లికేషన్లు ఉంటాయి. ఫైల్లో మాత్రం "నాట్ ఫౌండ్ సూటబుల్" అని రాస్తారు. ఒక యూనివర్సిటీలో నాకూ అదే రాశారు. 2019లో టీచర్ల కేడర్‌లో రిజర్వేషన్ చట్టం వచ్చాక యూనివర్సిటీ మొత్తాన్ని ఒక యూనిట్‌గా లెక్కపెట్టమన్నారు. అంతకుముందు డిపార్ట్‌మెంట్‌కో లెక్క అని చెప్పి ఎన్ని పోస్టులు మాయం చేయాలని చూశారో మా తరం చూసింది. కాబట్టి అమెరికా లెక్క చూసినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించదు.

మంజీరకు ఇంకో ఇద్దరి పేర్లు చెప్తా. ఆలిసన్ డేవిస్. విలియమ్స్ కాలేజీలో 1924లో క్లాసుకే ఫస్ట్, హాస్టల్లో మాత్రం ఉండనివ్వలేదు. అమెరికా దక్షిణాదిలో నల్లవారికీ తెల్లవారికీ మధ్య ఉన్నది కులమే అని మిసిసిపీలోని నాచెజ్ పట్టణంలో ఉండి పరిశోధన చేసి 1941లో పుస్తకం వేసిన వాళ్లలో ఆయన ఒకరు. 1942లో చికాగో యూనివర్సిటీ తీసుకుంది. తెల్లవాళ్ల పెద్ద యూనివర్సిటీలో ఫుల్ టైమ్ ఫ్యాకల్టీగా చేరిన మొదటి నల్లజాతి మనిషి అనే గుర్తింపు ఆయనకు ఉంది. అదీ ఎలాగంటే, జీతం భారం మొదట్లో యూనివర్సిటీ పడలేదు, రోజెన్‌వాల్డ్ ఫండ్ అనే దాతృత్వ సంస్థ సాయం చేసింది. ఫ్యాకల్టీ క్లబ్బులోకి చాలా కాలం రానివ్వలేదు. 1947లో టెన్యూర్ వచ్చింది.

రెండో ఆయన బెంజమిన్ మేస్. దక్షిణ కరొలినాలో 1894లో పుట్టారు. బేట్స్ కాలేజీలో డిగ్రీ, చికాగోలో పీహెచ్‌డీ. 1940 నుంచి 1967 దాకా 27 ఏళ్లు అట్లాంటాలోని మోర్‌హౌస్ అనే నల్లజాతి కాలేజీకి ప్రెసిడెంట్. మార్టిన్ లూథర్ కింగ్ అక్కడే చదివాడు, 1948లో డిగ్రీ తీసుకున్నాడు. 1968లో కింగ్ చనిపోయినప్పుడు సంతాప ప్రసంగం చేసింది కూడా ఈయనే. మేస్ 1936 చివర్లో ఇండియా వచ్చారు, గాంధీని కలిశారు. మైసూరులో అస్పృశ్యుల పిల్లలు చదివే బడికి వెళ్తే, అక్కడి ప్రధానోపాధ్యాయుడు ఆయన్ను "మీలాంటి అస్పృశ్యుడే, కానీ పెద్ద పేరు తెచ్చుకున్నాడు" అన్న అర్థంలో పిల్లలకు పరిచయం చేశాడు. మేస్‌కు మొదట మనసు చివుక్కుమంది. కాసేపటికి, తన దేశంలో తన స్థానం కూడా అదే కదా అని ఒప్పుకున్నారు. ఆ సంగతి తన ఆత్మకథలో రాసుకున్నారు. మా క్లాసులో దీన్ని ప్రతి ఏడాదీ చెబుతాను. పిల్లలు సెల్‌ఫోన్లు పక్కన పెట్టి వింటారు.

సూటిమాట
ఎర్రమట్టి తమ్ముడూ, నీ అనుభవం గురించి వాదించను. పటాప్స్కో చెప్పిన గ్రాంట్ల లెక్క నాకు తెలియదు, అది చదువుతాను. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. క్లాడిన్ గే 2023 జులైలో హార్వర్డ్ ప్రెసిడెంట్ అయ్యారు, 2024 జనవరి 2న రాజీనామా చేశారు. ఆరు నెలలు. ఆమె పేపర్లలో ఇతరుల వాక్యాలు సరైన ప్రస్తావన లేకుండా వాడారన్న ఆరోపణలు వచ్చాయి. అది నల్లజాతి సమస్య కాదు కదా, పరిశోధన నిజాయితీ సమస్య.

హ్యూస్టన్ వదిన
ప్రస్తావనల విషయంలో ఎవరికైనా ఒకే కొలబద్ద ఉండాలి, అందులో వెనక్కి తగ్గను. ఆమె కొన్ని పేపర్లకు సవరణలు కూడా ఇచ్చారు. అయితే అసలు ఒత్తిడి మొదలైంది డిసెంబరు 5న కాంగ్రెస్‌లో జరిగిన విచారణతో, యూదు వ్యతిరేకత గురించి అడిగిన ప్రశ్నకు ఆమె ఇచ్చిన జవాబుతో. అదే రోజు అదే బల్ల దగ్గర కూర్చున్న పెన్ యూనివర్సిటీ ప్రెసిడెంట్ కూడా, ఆమె తెల్లజాతి మహిళ, నాలుగు రోజుల్లో రాజీనామా చేశారు. కాబట్టి ఒకే కారణం అని నేనూ అనను. కానీ గే మీద వచ్చిన దాడిలో ఆమె ఆ కుర్చీకి రంగు చూసే వచ్చిందన్న మాట ఎంత గట్టిగా వినిపించిందో ఇక్కడ ఉండి చూశాం. తెల్ల ప్రెసిడెంట్ తప్పు చేస్తే ఆ మనిషి తప్పు అంటారు. నల్ల ప్రెసిడెంట్ తప్పు చేస్తే ఆమెలాంటి వాళ్లందర్నీ అంటారు. మా అమ్మాయి ఇక్కడ కాలేజీలో చదువుతోంది, దాని స్నేహితుల్లో నల్లమ్మాయిలు ఉన్నారు. ఆ నెలంతా వాళ్లు పడిన బాధ చూశాను.

పటాప్స్కో
ఇప్పుడు నేను చదివే చోటు గురించి చెప్పనివ్వండి. బాల్టిమోర్ దగ్గర యూఎంబీసీ. ఆర్బ్యూటస్‌లో అద్దెకుంటూ ఇక్కడ ఎమ్మెస్ చేసే తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఈ యూనివర్సిటీని ఇంతదాకా తెచ్చిన మనిషి కథ తెలియదు.

ఫ్రీమన్ హ్రబౌస్కీ 1950లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. 1963లో పిల్లలంతా ఊరేగింపుగా వీధుల్లోకొచ్చినప్పుడు 12 ఏళ్ల వయసులో అరెస్టై ఐదు రోజులు జైల్లో ఉన్నారు. 19 ఏళ్లకు హాంప్టన్‌లో లెక్కల్లో డిగ్రీ, 24 ఏళ్లకు ఇల్లినాయ్‌లో పీహెచ్‌డీ. హాంప్టన్ కూడా నల్లజాతి కాలేజీయే. 1992 నుంచి 2022 దాకా యూఎంబీసీ ప్రెసిడెంట్. నేను చేరేనాటికి ఆయన దిగిపోయారు గానీ, క్యాంపస్‌లో పాత స్టాఫ్ ఎవరిని కదిపినా ఆయన ప్రస్తావన వస్తుంది.

ఆయన అసలు పని ప్రెసిడెంట్ కాకముందే మొదలైంది. సైన్స్‌లో చేరిన నల్లజాతి పిల్లలు మొదటి ఏడాదే వెనకబడి సబ్జెక్టు మార్చుకుంటున్నారు. మెయర్‌హాఫ్ దంపతుల విరాళంతో 1988లో ఒక స్కాలర్‌షిప్ మొదలుపెట్టారు. మొదటి బ్యాచ్ 19 మంది అబ్బాయిలు. తర్వాత అమ్మాయిలను, 90ల మధ్య నుంచి అన్ని జాతుల వాళ్లనూ తీసుకున్నారు. డబ్బు ఇచ్చి వదిలేసే స్కాలర్‌షిప్ కాదు ఇది. కాలేజీ తెరవకముందే వేసవిలో పిలిపించి లెక్కలు, సైన్స్ క్లాసులు చెప్తారు. పిల్లలంతా ఒకేచోట ఉంటారు, గ్రూపుగా చదువుకోవాలి. కెమిస్ట్రీలో సీ గ్రేడ్ వస్తే పాసయ్యాను కదా అని ముందుకెళ్లడం కుదరదు, మళ్లీ చదవమంటారు. మొదటి ఏడాది నుంచే ల్యాబుల్లోకి పంపిస్తారు. లక్ష్యం డిగ్రీ కాదు, పీహెచ్‌డీ.

కోవిడ్ సమయంలో మోడెర్నా వ్యాక్సిన్ వెనక ఎన్ఐహెచ్‌లో పనిచేసిన కిజ్మెకియా కార్బెట్ ఈ కార్యక్రమంలో చదివిన మనిషే. 2008లో ఇక్కడ డిగ్రీ. 2021లో హార్వర్డ్ ప్రజారోగ్య విద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరారు.

కృష్ణలంక
మంజీరా, ఒకరి నుంచి ఒకరికి దారి అన్నావు కదా, ఇది చూడు. ఎవెలిన్ బాయ్డ్ గ్రాన్‌విల్ 1949లో యేల్ నుంచి లెక్కల్లో పీహెచ్‌డీ తీసుకున్నారు. నల్లజాతి మహిళల్లో రెండో వ్యక్తి. నాష్‌విల్‌లోని ఫిస్క్‌లో 1950 నుంచి 52 దాకా పనిచేశారు. రెండేళ్లే. ఆ రెండేళ్లలో ఆమె క్లాసులో కూర్చున్న ఇద్దరమ్మాయిలు తర్వాత లెక్కల్లో పీహెచ్‌డీలయ్యారు.

ఒకరు వివియన్ మలోన్-మేస్. టెక్సస్‌లో వేకో వాళ్ల సొంతూరు. అదే ఊళ్లో ఉన్న బేలర్ యూనివర్సిటీ 1961లో నల్లజాతి అని సీటు ఇవ్వలేదు. ఆస్టిన్‌లో చేరితే, ఒక పేరున్న ప్రొఫెసర్ తన క్లాసులోకి రానివ్వలేదు. టీచింగ్ అసిస్టెంట్‌గా పెట్టుకోలేదు. గైడూ తోటి విద్యార్థులూ కాఫీ తాగుతూ లెక్కల గురించి మాట్లాడుకునే హోటల్లో నల్లవాళ్లకు ప్రవేశం లేదు, కాబట్టి ఆ చర్చలు ఆమెకు అందలేదు. పరిశోధన చేసిన ఎవరికైనా తెలుసు, సగం చదువు అలాంటి టేబుల్ దగ్గరే జరుగుతుంది. అయినా 1966లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. అదే ఏడాది బేలర్ ఆమెను ఫ్యాకల్టీగా తీసుకుంది. విద్యార్థిగా వద్దన్న చోటే మొదటి నల్లజాతి ఫుల్ టైమ్ ప్రొఫెసర్.

రెండో అమ్మాయి ఎటా ఫాల్కనర్. 1969లో ఎమరీ నుంచి పీహెచ్‌డీ. అట్లాంటాలోని స్పెల్‌మన్ అనే నల్లజాతి మహిళా కాలేజీలో 1965 నుంచి దాదాపు చివరిదాకా అక్కడే. ఆ కాలేజీ సైన్సు చదువుల్లో ఎదగడానికి ఆమె కష్టం పెద్ద కారణం.

లెక్కల మాస్టారు
ఇది నాకూ తెలియదు. చాలా సంతోషం నాయనా.

సూటిమాట గారికి ఒక్క మాట. పట్టుదల ఈ కథలన్నిటిలోనూ ఉంది, ఎవరూ కాదనరు. బౌషేకి పట్టుదల తక్కువా? గ్రాన్‌విల్ ఫిస్క్‌లో లేకపోతే ఆ ఇద్దరు అమ్మాయిలు లెక్కల వైపు అంతదూరం వెళ్లేవారా? నేను కొన్ని దశాబ్దాలు పాఠం చెప్పాను. తెలివైన పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. పీహెచ్‌డీ అనేది ఒకటుందని, అది నువ్వు చేయగలవని చెప్పే మనిషి ఉన్న బ్యాచ్‌లోంచే వాళ్లు పైకి వెళ్తారు. ఇవాళ అమెరికాలో ఉన్న సుమారు వంద నల్లజాతి కాలేజీలు దేశం మొత్తం కాలేజీల్లో 3 శాతమే. నల్లజాతి గ్రాడ్యుయేట్లలో మాత్రం అంతకన్నా చాలా పెద్ద వాటా అక్కడి నుంచే వస్తోంది.

సూటిమాట
మాస్టారూ, మీ మాట అర్థమైంది. పేదరికం గురించి నేనన్నది అలాగే ఉంచుతాను, కానీ బౌషే విషయంలో నా దగ్గర జవాబు లేదు.

మంజీర
నాకు అధ్యాయం ఆకారం దొరికింది. ఫిస్క్‌లోని ఆ రెండేళ్లను మధ్యలో పెట్టి, ఇటు బౌషే, అటు యూఎంబీసీ. ఇంకో ప్రశ్న. పెద్ద తెల్ల యూనివర్సిటీకి మొదటి నల్లజాతి ప్రెసిడెంట్ సిమ్మన్స్‌గారేనా, అంతకుముందు ఎవరైనా ఉన్నారా?

హ్యూస్టన్ వదిన
ఐవీ లీగ్‌కి ఆమే మొదటి మనిషి. అంతకుముందు క్లిఫ్టన్ వార్టన్ ఉన్నారు. 1970లోనే మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ప్రెసిడెంట్. ఆయన ఆర్థికవేత్త, చికాగోలో పీహెచ్‌డీ. తర్వాత న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీల వ్యవస్థకు ఛాన్సలర్ అయ్యారు. 1999లో షిర్లీ ఆన్ జాక్సన్ రెన్‌సిలేర్ పాలిటెక్నిక్‌కి వచ్చారు, 2022 దాకా ఉన్నారు. ఎంఐటీలో పీహెచ్‌డీ చేసిన మొదటి నల్లజాతి మహిళ, 1973లో. వీళ్లిద్దరూ నల్లజాతి కాలేజీల్లో చదివినవాళ్లు కాదు. వార్టన్ డిగ్రీ హార్వర్డ్, జాక్సన్‌ది ఎంఐటీ. నీ వాదనకు ఎదురు ఉదాహరణలుగా వాళ్లను కూడా పెట్టాలి, లేకపోతే వైవాలో ఎవరో ఒకరు అడుగుతారు.

ఎర్రమట్టి
వదినగారు చెప్పింది కరెక్ట్. మంజీరా, మైసూరు బడి ముక్క ఫుట్‌నోట్‌లో తోసేయొద్దు, మన దేశంలో రాస్తున్న థీసిస్ కాబట్టి దాన్ని లోపలే ఉంచు. 1946లో అంబేడ్కర్ డుబోయిస్‌కి ఉత్తరం రాశారు, ఐక్యరాజ్యసమితికి నల్లజాతి వారు ఇచ్చిన విజ్ఞప్తి ప్రతి కావాలని అడిగారు. డుబోయిస్ జవాబు కూడా రాశారు. ఆ రెండు ఉత్తరాలూ మేస్ కథ పక్కనే పెట్టు. డ్రాఫ్ట్ పూర్తయ్యాక ఇక్కడే పెట్టు తల్లీ, మాస్టారు లెక్కల భాగం చూస్తారు, మిగతాది నేను చూస్తాను.